గొడుగు గుర్తు

టైలరమ్మ కొట్లో కొలత పైకి చెప్పరు. మిగతా కొట్లలో ఒకరు టేపు పట్టుకుని "నడుము నలభై" అని కేకేస్తే ఇంకొకరు మూల కూర్చుని రాసుకుంటారు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా ఆ నలభై విని, ఆ నడుము కేసి ఓసారి చూస్తారు. టైలరమ్మకి పని నేర్పిన పిన్నికి ఆ కేకలంటే ఒళ్ళుమంట. "ఒంటి కొలతంటే కడుపులో మాటే. చెప్పినవాళ్ళకీ విన్నవాళ్ళకీ మధ్యనే ఉండాలి" అనేదావిడ. అందుకని టైలరమ్మ టేపు చుట్టి, అంకె దగ్గర గోరు నొక్కిపెట్టుకుంటుంది తప్ప నోరు విప్పదు. అక్కడికక్కడే గోధుమరంగు కాగితం మీద గీసి, ఆ మనిషికి నమూనా కత్తిరించేస్తుంది. దాని మీద పేరుండదు, అంకె ఉండదు. మూలన చిన్న బొమ్మ మాత్రం ఉంటుంది. ఒకరిది పిచ్చుక, ఒకరిది గరిటె, ఒకరిది తాళంచెవి. ఏ బొమ్మ ఎవరిదో ఆవిడ బుర్రలోనే ఉంటుంది.

"ఇవేం గుర్తులు వదినా, అందరూ ఎన్నికలకి నిలబడ్డారా?" అని ఆడపడుచు వేళాకోళం చేసేది. ఈ ఆడపడుచు టైలరమ్మ మొగుడి చెల్లెలు. కట్టుకున్నవాడితో పొసగక అన్న ఇంటికొచ్చేసి, కొట్లో కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం తన పని చేసుకుంది. మాట్లాడటం కూడా తన పనే. అన్నగారు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు గనక ఇంట్లోనూ కొట్లోనూ వీళ్ళిద్దరే. రోజంతా పోట్లాడుకుంటారు, ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

గొడుగు గుర్తు లెక్కల టీచరుది. మొదటిసారి వచ్చినప్పుడు గాలికి గొడుగు తిరగబడితే, దాంతో కుస్తీ పడుతూ గుమ్మంలో నిలబడిందావిడ. అప్పట్నించీ స్కూలుకి వేసుకునే కోట్లన్నీ ఇక్కడే. టైలరమ్మకంటే చిన్నది, "అక్కా" అని పిలుస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉంటుంది. స్కూల్లో ఫోను ముట్టుకోనివ్వరని, బట్టలు అయ్యాయని చెప్పడానికి ఇంటి నంబరే ఇచ్చింది. ఫోనెప్పుడూ తల్లే ఎత్తుతుంది.

కిందటేడు ఓ మధ్యాహ్నం టీచరు వచ్చి, కొట్టు తలుపు తనే మూసింది. "అక్కా, కొలత మళ్ళీ తియ్యాలి" అంది. టైలరమ్మ టేపు చుట్టబోయి ఆగిపోయింది. ఎడమ రొమ్ము లేదు. గడ్డ వచ్చిందట, తీసేశారట. తల్లికి చెప్పలేదు. ఏదో శిక్షణ ఉందని చెప్పి పొరుగూరి ఆస్పత్రిలో చేయించుకుని వచ్చింది. ఎందుకు చెప్పలేదంటే, టీచరు అక్కగారు ఈ జబ్బుతోనే పోయింది. పరీక్షలకి వెళ్ళకుండా, చూద్దాంలే చూద్దాంలే అంటూ పోయింది. ఆ పెద్దకూతురు పోయాక తల్లి మనిషి కాలేదు. మిగిలినదానికి కూడా అదే వచ్చిందంటే తట్టుకోలేదు.

టైలరమ్మ కొత్త కాగితం పరిచి గీసింది. కుడివైపు ఎప్పటిలాగే, ఎడమవైపు వేరేగా. కోటుకీ లైనింగుకీ మధ్య దూది పొరలు పొరలుగా పెట్టి, కదలకుండా సన్నగా టాకాలేసింది. వేసుకుని అద్దంలో చూసుకున్నాక టీచరు కళ్ళు తుడుచుకుంది. "ఎవరికీ తెలీదు కదక్కా?" అంది.

"నాకే తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది?" అంది టైలరమ్మ.

ఆ మాట అన్నందుకు చాలా రోజులు ఆవిడకి తన మీద తనకే గౌరవంగా ఉండేది. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

వీధి చివర రెడీమేడ్ బట్టల షాపు పెట్టాక బేరాలు పల్చబడ్డాయి. దానికి తోడు కత్తెర పట్టీ పట్టీ టైలరమ్మ మణికట్టు వాచిపోయింది. సరిగ్గా అప్పుడు దిగాడు కంపెనీ అబ్బాయి. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, ముప్పై రెండు పళ్ళూ కనిపించేలా నవ్వు. ఆడపడుచు అతనికి వెంటనే పళ్ళపొడి అని పేరు పెట్టేసింది.

"బట్ట కత్తిరించే మిషను మేడమ్. ఉచితంగా మీ కొట్లో పెడతాం. నమూనా ఎక్కిస్తే చాలు, అదే కత్తిరిస్తుంది. మీ చేతికి శ్రమ ఉండదు" అన్నాడు పళ్ళపొడి.

"ఉచితంగా ఎందుకిస్తారు బాబూ?"

"మీలాంటివాళ్ళు ఎదగాలనే మేడమ్."

మా వీధిలో ఇలాంటి మాట నమ్మే వెర్రివాళ్ళు లేరు. కానీ మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు ఉన్నారు. "ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతామా ఏంటి?" అని ఆడపడుచు గొణిగింది గానీ, మిషను దిగి, మేజాబల్ల మీద బట్టని వెన్న కోసినట్టు కోస్తుంటే తనే నోరు తెరుచుకుని చూసింది.

మిషనుతో పాటు పలకంత ట్యాబు ఇచ్చారు. కాగితాన్ని దాని ముందు పరిస్తే ఫొటో తీసుకుంటుంది. ఆ తర్వాత మనిషి ఫోను నంబరు అడుగుతుంది. నంబరు కొట్టకపోతే ముందుకి కదలదు. టైలరమ్మకి అది నచ్చలేదు. "నమూనా ఉందిగా, నంబరెందుకు?" అంది. "పేరేం అడగట్లేదుగా వదినా, నంబరేగా. నంబర్లు అందరి దగ్గరా ఉంటాయి" అని ఆడపడుచు తన ఫోను తీసి ఒక్కొక్కటీ చదివింది. పిచ్చుక, గరిటె, తాళంచెవి, అన్నీ వరసగా ఎక్కిపోయాయి. ఎందుకైనా మంచిదని గొడుగు కాగితాన్ని టైలరమ్మ పక్కన పెట్టింది. కానీ స్కూలు టీచర్లందరి కోట్లూ ఒకేసారి కుట్టాల్సి వచ్చింది, బట్ట తాను వచ్చి పడింది, చెయ్యి చూస్తే పట్టు చిక్కడం లేదు. ఆ ఒక్కటి మాత్రం చేత్తో ఎక్కడ కోస్తాంలే అనుకుని దాన్నీ పరిచింది, ఆడపడుచు ఆ ఇంటి నంబరూ చదివింది.

ట్యాబు చుట్టూ ఎర్రగీత వచ్చింది. అప్పటిదాకా మూగగా ఉన్నది కాస్తా ఆడగొంతుతో గట్టిగా పలికింది.

"ఎడమ, కుడి సమానంగా లేవు. నమూనాలో పొరపాటు ఉంది. సరిచేయమంటారా?"

కొలత పైకి చెప్పని కొట్లో మొట్టమొదటిసారి కొలత పైకి చెప్పింది అదే. ఆ సంగతి ఆ నిమిషంలో టైలరమ్మకి తట్టలేదు. ఆవిడ చెవిలో పడ్డది ఒకటే మాట, పొరపాటు. ఆడపడుచు గుండీ కుడుతూ పకపకా నవ్వింది. "వదినా, నీ కత్తెరకి వంకలు పెట్టే మొనగాడు పుట్టాడే!" అంది.

టైలరమ్మ ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ కోసిన నమూనా తప్పన్న మనిషి లేడు. పిన్ని కూడా అనలేదు. అందులోనూ ఈ నమూనా! ప్రాణం పెట్టి గీసింది. కింద చూస్తే నాలుగు మాటలు వరసగా ఉన్నాయి. పొరపాటు. పుట్టుకతో. ప్రమాదం. శస్త్రచికిత్స. పక్కనే "వదిలేయండి" అని సన్నని అక్షరాలు కూడా ఉన్నాయి. అవి ఆవిడ చూడలేదని చెప్పుకోవచ్చు. కానీ చూసింది. వదిలేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది. వేలితో నాలుగోదాన్ని నొక్కింది.

"ధన్యవాదాలు. మీ నమూనా సరైనదే" అంది ట్యాబు.

"విన్నావా?" అంది ఆడపడుచుతో, దర్జాగా.

కొన్నాళ్ళకి ఆడపడుచు ఫోను మోగడం మొదలైంది. సన్నబడే పొడులు, సన్నబడే బెల్టులు, సన్నబడే నీళ్ళు. "మేడమ్, మీ నడుముకి మా దగ్గర చక్కటి పరిష్కారముంది" అని ఒకడు. "నా నడుము సంగతి నీకెవడు చెప్పాడురా, నువ్వొచ్చి చూశావా?" అని ఆడపడుచు వీధంతా వినబడేలా దులిపేసింది. టైలరమ్మ నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, దారం పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి నవ్వు ఆగింది. మేజాబల్ల మీద ట్యాబు ఉంది. ఆడపడుచుది చీపురు గుర్తు, ఆ కాగితం కూడా ఎక్కించారు.

దీనికీ దానికీ సంబంధం ఉండదులే అనుకుంది టైలరమ్మ. ఉందని తెలిసిన మనసు అలాగే అనుకుంటుంది.

టీచరు వచ్చింది ఆ తర్వాతే. ట్రయలుకి పిలవకుండానే, పనివేళప్పుడు, జుట్టు సరిగ్గా దువ్వుకోకుండా వచ్చింది. ఎప్పటిలా బెంచీ మీద కూర్చోలేదు.

"అమ్మకి తెలిసిపోయిందక్కా."

టైలరమ్మ కాలు కుట్టుమిషను తొక్కడం ఆపేసింది.

"ఎవరో అమ్మాయి ఫోను చేసింది. అమ్మ ఎత్తింది. ఎడమ రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళ కోసం ప్రత్యేకంగా లోదుస్తులు ఉన్నాయి మేడమ్, ఇంటికే పంపిస్తాం అందిట. అమ్మ తప్పు నంబరమ్మా అంటే, నంబరు చదివి వినిపించి ఇదేగా అందిట. నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో నిలబడుంది. చెప్పులు కూడా విడవనివ్వలేదు. కోటు విప్పమంది. విప్పాను. చూసింది. అప్పట్నించీ నాతో మాట్లాడటం లేదు. తినటం లేదు. అక్క ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది."

"ఎవరు చెప్పుంటారు?" అంది ఆడపడుచు. అడక్కుండా ఉండటం ఆవిడ వల్ల కాదు.

"ఆస్పత్రివాళ్ళే. అమ్ముకున్నారు. ఈ సంగతి తెలిసింది రెండే చోట్ల. ఒకటి అక్కడ, రెండు ఇక్కడ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు టైలరమ్మ చెయ్యి భుజం మీదున్న టేపు మీదికి పోయింది. టీచరు అది చూసి ఇంకోలా అర్థం చేసుకుంది. దగ్గరికొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడి సంగతి నాకు తెలీదా? నీ నోట్లోంచి నడుము కొలతే బయటికి రాదు. నువ్వు కంగారు పడకు. నేను మాత్రం ఇంక ఆ ఆస్పత్రి గడప తొక్కను. వచ్చే మంగళవారం పరీక్షకి రమ్మన్నారు. వెళ్ళను."

"అదేంటమ్మా!" అంది టైలరమ్మ. "మళ్ళీ రాకుండా ఉండాలంటే ఆ పరీక్షలు మానకూడదన్నారన్నావుగా."

"అన్నారు. మళ్ళీ ఏదో రాసుకుంటారు, దాన్నీ ఎవరికో అమ్ముతారు. ఈసారి స్కూలుకి ఫోనొస్తుంది."

"పోనీ ఇంకో ఆస్పత్రి?"

"అక్కడ మాత్రం? మొదట్నించీ అంతా చెప్పుకోవాలి. ఇంకెవర్నీ నమ్మనక్కా. నిన్నొక్కదాన్నే."

టైలరమ్మ నోరు తెరిచింది. "మంచినీళ్ళు తాగుతావా?" అని మాత్రం వచ్చింది. టీచరు తాగింది, గ్లాసు కడిగి పెట్టి మరీ వెళ్ళింది. ఆ కడిగిన గ్లాసు చూస్తుంటే టైలరమ్మకి ఏడుపొచ్చింది.

ఆడపడుచు సూది గుచ్చిపెట్టి, నెమ్మదిగా అడిగింది. "వదినా, మనమేగా?"

"మనం కాదు. నేను."

"నంబరు చదివింది నేను. పోనీ, ఎవరైతేనేం, నోరు మెదపకు. ఆవిడకి చెబితే ఊరంతా తెలుస్తుంది. కొలతలు అమ్ముకునే కొట్టుకి ఎవరొస్తారు? కోపం తగ్గాక ఆవిడే వెళ్తుంది ఆస్పత్రికి. చదువుకున్న మనిషి, ఆమాత్రం తెలీదా?"

"వాళ్ళక్క కూడా చదువుకుందే" అంది టైలరమ్మ.

అయినా ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. తేలుకుట్టిన దొంగలా ఉంది ఆవిడ పరిస్థితి, నొప్పి ఉంది గానీ అరవడానికి లేదు. కుట్లు వంకరపోయాయి. ఎవరిదో చేతి పట్టీ తిరగేసి కుట్టి, మొత్తం విప్పాల్సి వచ్చింది. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా తలెత్తి చూసేది. టీచరైతే ఎలా అని భయం, టీచరు కాకపోతే ఇంకో రోజు గడిచిందని భయం. ముందు ఆ ట్యాబులోంచి గొడుగుని తీసేయిస్తే, ఆ తర్వాత చెప్పడానికి ముఖం ఉంటుందనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆకులైనా పట్టుకోవాలిగా. పళ్ళపొడికి కబురు పెట్టింది.

అతను వచ్చాడు, నవ్వుతూనే.

"ఈ ఒక్కటి తీసెయ్ బాబూ" అంది టైలరమ్మ.

"తప్పకుండా మేడమ్. కారణం చెప్పాలి." ట్యాబు మీద ఏదో తెరిచి చూపించాడు. "ఊరు మారారా? అయితే కొత్త ఊరు చెప్పాలి. వేరే టైలరు దగ్గరికెళ్ళారా? అయితే ఆ టైలరు నంబరు. కొలత మారిందా? కొత్త కొలత."

"ఇదెక్కడి గోల? తీసెయ్యమంటే ఇంకా అడుగుతావేంటి?" అంది ఆడపడుచు.

"ఆవిడకి ఇష్టం లేదు. అందుకని" అంది టైలరమ్మ.

"ఇష్టం లేదనేది ఇందులో లేదు మేడమ్." అతను నిజంగానే వెతికాడు పాపం, కిందిదాకా. "తీసేసినా మన దగ్గరే పోతుంది. మా భాగస్వాములకి వెళ్ళిపోయింది కదా. ప్రభుత్వంవాళ్ళ ఆడవాళ్ళ ఆరోగ్య సర్వేకి కూడా నెలనెలా పంపిస్తాం. అది మంచిపనికే. వాళ్ళూ ఫోను చేస్తారు, ఇంటికీ వస్తారు."

"ఇంటికా?"

"జబ్బు వివరాలు రాసుకోడానికి." టైలరమ్మ ముఖం చూసి అతని నవ్వు కాస్త తగ్గింది. గొంతు తగ్గించి, మేలు చేస్తున్నవాడిలా అన్నాడు. "ఒకటుంది మేడమ్. ఇది నొక్కితే అన్నిచోట్లా ఆగిపోతుంది. ఒక్క ఫోను కూడా రాదు. చాలామందికి ఇదే చేసిపెట్టాను."

అతని వేలి కింద "మరణించారు" అని ఉంది.

టైలరమ్మ ఆ మాట కేసి చూసింది. సులువైన పనే. నొక్కితే ఫోన్లు ఆగుతాయి, ఇంటికెవరూ రారు, తను నోరు విప్పనక్కర్లేదు. టీచరుకి ఎప్పటికీ తెలీదు. కొట్టు కొట్టులా ఉంటుంది. ఆస్పత్రి మీద కోపంతో టీచరు పరీక్ష మానేస్తుంది. అప్పుడు చూద్దాంలే చూద్దాంలే అనేది టీచరు కాదు, తను. రోజూ నోరు మూసుకుని కూర్చుని తను నొక్కుతున్నది ఈ మాటనే కదా, ఇంతకాలం వేరే ఏదో అనుకుంది.

"తీసుకుపో బాబూ" అంది.

"ఏంటి మేడమ్?"

"నీ మిషను. నీ పలక. రెండూ ఇవాళే తీసుకుపో."

"వదినా, చెయ్యి..." అంది ఆడపడుచు.

"చెయ్యి నాదేగా" అంది టైలరమ్మ. మేకు మీంచి గొడుగు కాగితం తీసి, మడత పడకుండా చుట్టి, చెప్పులేసుకుంది. ఆడపడుచు ఆపలేదు. వాకిలి దాకా వచ్చి, "నంబరు చదివింది నేనని కూడా చెప్పు" అంది.

టీచరు ఇల్లు రెండు వీధులవతల, మేడ మీద. తలుపు తల్లి తీసింది. టైలరమ్మ ఆవిడ గొంతు ఫోన్లో ఎన్నోసార్లు విన్నది గానీ మనిషిని చూడటం ఇదే. ముందుగది కిటికీ దగ్గర టీచరు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. కోటు లేదు. ఇంట్లో వేసుకునే వదులు చొక్కా వేసుకుని ఉంది, ఇంక ఆ ఇంట్లో దాచాల్సింది లేదుగా.

"అక్కా! నువ్వొచ్చావేంటి?" అని సంతోషంగా లేచింది.

ఆ సంతోషం చూశాక కూర్చుంటే చెప్పలేనని టైలరమ్మకి తెలిసిపోయింది. నిలబడే చెప్పింది. మిషను సంగతి, నంబర్ల సంగతి, పొరపాటు అన్న సంగతి, నాలుగు మాటల్లో ఒకటి నొక్కిన సంగతి. ప్రభుత్వంవాళ్ళు ఇంటికి రావచ్చన్న సంగతి కూడా. "ఆస్పత్రివాళ్ళు కాదమ్మా. నేను. నీ పరీక్ష రేపేగా. వెళ్ళమ్మా, నన్నేమైనా అను, అక్కడికి మాత్రం వెళ్ళు" అంది.

టీచరు చేతిలో ఎర్రపెన్ను అలాగే ఉంది.

"వదిలేయండి అని లేదా?" అంది.

"ఉంది."

"చూశావా?"

"చూశాను."

"మరెందుకు నొక్కావు?"

"నా నమూనా తప్పంది."

"అంతేనా?"

"అంతే."

టీచరు నవ్వింది. ఆ నవ్వుకంటే చెంపదెబ్బ నయం. "నా క్లాసులో పిల్లలూ ఇంతే. తప్పని కొట్టేస్తే ఊరుకోరు, కాదని చూపించేదాకా నిద్రపోరు" అంది. తర్వాత తల వంచుకుని ముందున్న పేపరు దిద్దబోయింది, దిద్దలేక పెన్ను పెట్టేసింది.

తల్లి అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటోంది. "ఆ కోటు కుట్టింది నువ్వా?" అంది.

"నేనేనమ్మా."

"ఏడాది పాటు నా కూతుర్ని నా కంటికి నిండుగా చూపించావు. రోజూ గుమ్మంలో నిలబడి స్కూలుకి పంపించాను, అనుమానం కూడా రాలేదు." ముసలావిడ టైలరమ్మ చేతుల కేసి చూసింది. "ఆ చేతులకి దణ్ణం పెట్టనా, ఈ చేతుల్ని విరగ్గొట్టనా? నువ్వే చెప్పు."

తల్లి జవాబు కోసం చూడలేదు. కూతురి వైపు తిరిగి, ఇన్నాళ్ళకి మొదటిసారి మాట్లాడింది. "రేపు ఎన్నింటికి వెళ్ళాలి? నేనూ వస్తాను. పెద్దదాన్ని ఒక్కదాన్నే వెళ్ళమని వదిలేశాను. నిన్ను వదలను."

టీచరు ముఖం చేతుల్లో దాచుకుంది. తల్లి వెళ్ళి తల మీద చెయ్యి వేసింది. అక్కడ ఇంక టైలరమ్మకి పని లేదు. వెళ్ళేముందు చుట్టిన కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "ఇది నీదమ్మా. నా దగ్గర ఉండకూడదు."

టీచరు తలెత్తింది. "ఇదెందుకు నాకు? ఫొటో వాళ్ళ దగ్గరుందిగా" అంది. ఆ తర్వాత, నెమ్మదిగా, "మీరు వెళ్ళండి" అంది.

అన్నేళ్ళలో ఆ నోట "మీరు" వినడం అదే మొదలు. మెట్లు దిగేటప్పుడు టైలరమ్మకి ఆ మాటే అడుగడుగునా వినబడింది.

మిషను వెళ్ళిపోయింది. పళ్ళపొడి నవ్వకుండా తీసుకెళ్ళాడు. టైలరమ్మ ఇంటింటికీ తిరిగి, గుర్తున్న ప్రతివాళ్ళకీ సంగతి చెప్పింది. ఆడపడుచు వెంట నడిచి, వదిన నోట మాట రానిచోట తను చెప్పింది. "నా నడుము ఎవడిక్కావాలిలే" అని కొందరు నవ్వేశారు. పిచ్చుక నవ్వలేదు, తన కాగితం ఇప్పించుకుని పొయ్యిలో పెట్టింది. తాళంచెవి మళ్ళీ రాలేదు. మిగిలినవాళ్ళ బట్టలు టైలరమ్మ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని చేత్తోనే కోస్తోంది. నొప్పి పుడితే ఆగుతుంది, ఆగినప్పుడు ఆ నొప్పి తనకి రావలసిందే అనిపించి మళ్ళీ మొదలుపెడుతుంది. "నొప్పెడితే ఆవిడకేం ఒరుగుతుంది వదినా?" అని ఆడపడుచు కత్తెర లాక్కుంటుంది.

ఈమధ్య ఓ సాయంత్రం కూరగాయల బజార్లో టీచరు ఎదురైంది. పక్కన తల్లి బేరమాడుతోంది. టీచరు రెడీమేడ్ కోటు వేసుకుంది. కుడివైపు బాగానే కూర్చుంది. ఎడమవైపు బట్ట భుజం కింద నుంచి జారి లొత్తపడింది, లోపల్నించి పిన్నీసు పెట్టి లాగినట్టు ముడతలు కనిపిస్తున్నాయి. ఎక్కడ కుట్టు విప్పాలో, ఎంత లోపలికి తియ్యాలో, దూది ఎన్ని పొరలు పెట్టాలో టైలరమ్మకి కళ్ళకి కట్టినట్టు కనబడిపోయింది. చెయ్యి తనంతట తనే మెడలో టేపు మీదికి పోయింది.

"పరీక్షలు బాగున్నాయండీ. ఏమీ లేదన్నారు" అంది టీచరు, టైలరమ్మ అడగకుండానే.

"చల్లటి మాట చెప్పావమ్మా" అంది టైలరమ్మ. నిజంగానే గుండె మీంచి పెద్ద బండ దిగింది. ఒక్క పూటలో సరిచేసిస్తానమ్మా, కొట్టుకి రావద్దు, నేనే ఇంటికొస్తాను అని చెబుదామనుకుంది. మాట నాలిక చివర ఉండగానే, చూపు ఆ ముడతల మీద ఆగిపోయింది.

టీచరు ఆ చూపు కనిపెట్టింది. కోపంగా కాదు, బజార్లో ఎవరి ముందైనా చేసినట్టే, చేతిలో సంచీని నెమ్మదిగా పైకెత్తి ఎడమవైపుకి అడ్డం పెట్టుకుంది. వస్తానని తలూపి, తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఈ ఊరు మొత్తమ్మీద ఆ సంచీ అడ్డం లేకుండా ఆవిడ నిలబడగలిగిన చోటు ఒకప్పుడు టైలరమ్మ ముందు మాత్రమే.